నాలుగు తీగల నాదసాధకుడు: ద్వారం వెంకటస్వామి నాయుడుగారు

తూర్పు కనుమలకును సముద్రమునకును నడుమ, నౌపడ ఉప్పుమడుల మొదలుకొని విశాఖ రేవు వరకు సాగిన కళింగసీమకు సంగీతము కొత్త సంపద కాదు. విజయనగరము, బొబ్బిలి, పర్లాకిమిడి సంస్థానములు విద్వాంసులను ఆదరించినవి. బొబ్బిలి చేరువనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు ఒకే పనసమానును తొలిచి వీణలు చేసే విద్యను తరతరాలుగా కాపాడుకొని వచ్చినారు. 1900లో నౌపడ నుండి పర్లాకిమిడికి చిన్నరైలు నడచిన తరువాత, ప్రధాన రైలుమార్గమున దిగినవారు వాద్యములతో ఆ సంస్థానమును చేరుట సులువైనది.

అయితే ఆనాటి కచేరి పెక్కుసారులు ఆరుబయటనే సాగేది. గుడిముందరి పందిరియే సభామందిరము. సన్నాయి, డోలు ఊరి పొలిమేర దాక వినిపించేవి. హరికథకుడు తన కంఠబలము చేతనే వెనుక వరుసలో కూర్చున్నవానిని కూడ కదిలింపవలసి ఉండేది. అట్టి సీమలో మూరెడు పొడవైనను లేని పెట్టెతో, నాలుగు తీగలతో, పాటగాడు ప్రక్కన లేకుండ ఒక మనిషి నిండుసభను నిలుపగలడా? ఈ ప్రశ్నకు తన జీవితమునే సమాధానముగా ఇచ్చినవారు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు.

ఆయన 1893 నవంబరు 8వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించినారు. పెరిగినది విశాఖపట్టణములో. అన్నగారైన వెంకటకృష్ణయ్యగారే తొలి గురువు. చూపు మందమగుటచే కంటితో అందుకొనవలసిన విద్యలు ఆయనకు కష్టమైనవి. చెవితో అందుకొనవలసిన విద్య మాత్రము నిండుగా అబ్బినది. కన్నులు మూసుకొని, చుట్టుప్రక్కల ఉన్నదంతయు మరచి వాయించుట తరువాతి కాలమున ఆయనను చూచినవారందరికిని గుర్తుండిపోయిన దృశ్యము.

ఆయన చేపట్టిన వాద్యము ఐరోపా నుండి వచ్చినది. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు, తంజావూరు వడివేలు మొదలైనవారి చేతులలో అది దక్షిణాది సంగీతమునకు అలవడినది. తెల్లవారు దానిని నిలువబడి, గడ్డము క్రింద బిగబట్టి వాయింతురు. మనవారు నేలపై కూర్చుండి, తల భాగమును పాదముపై ఆనించి వాయించినారు. దానివలన ఎడమచేయి బరువు మోయు పని తప్పి, గమకములు పలికించుటకు స్వేచ్ఛ పొందినది. తీగలను షడ్జ పంచమములకు, గాయకుని శ్రుతికి తగినట్లు, ఐరోపావారి కంటె తగ్గించి బిగించినారు. బిగువు తగ్గగా నాదము మెత్తనైనది, గొంతుకు దగ్గరైనది. కాని అదే కారణముచేత కొంత చిన్నదియు అయినది.

ఫిడేలు నాదము ఎట్లు పుట్టునో విద్యార్థులు తెలిసికొనదగినది. కమాను తీగను రాచినప్పుడు తీగ అదురును. ఆ అదురు తీగల క్రింద నిలిచిన గుర్రము గుండా పైపలకకు దిగును. పైపలకకును అడుగుపలకకును మధ్య నిలిపిన చిన్న కర్ర ఆ కదలికను అడుగునకు చేరవేయును. పెట్టెలోని గాలి, రెండు పలకలు కలిసి అదిరి నాదమును సభకు పంపును. తీగ ఒక్కటే అయినచో రెండడుగుల దూరమునకైనను సరిగా వినరాదు. పెట్టెయే దాని బలము. అయితే పెట్టె చిన్నది కనుక మంద్రస్థాయి స్వరములు తారస్థాయి స్వరములంత దూరము పోలేవు. మంద్రము బాగుగా పలుకవలెనన్నచో పెద్ద పెట్టె కావలెను. పాశ్చాత్యుల బేస్ వాద్యము నిలువెత్తు మనిషిని మించి ఉండుటకు కారణమిదే.

ఇట్టి వాద్యమునకు దక్షిణాది కచేరిలో దక్కిన స్థానము పక్కవాద్య స్థానమే. గాయకుడు పాడిన దానిని నీడవలె అనుసరించుట, ఆయన ఆగినచోట ఖాళీని పూరించుట, అవకాశమిచ్చినప్పుడు రాగమును క్లుప్తముగా వాయించుట, ఇంతటితో ఫైడేలుకారుని పని ముగిసేది. ప్రతిభ ఎంత ఉన్నను సభ ఆయనది కాదు.

1919లో విజయనగర ప్రభువు పూసపాటి విజయరామ గజపతిగారు సంగీత కళాశాలను స్థాపించినారు. హరికథాపితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. ఆ సంవత్సరముననే వెంకటస్వామి నాయుడుగారు, ఇరువదియారేండ్ల ప్రాయమున, అచ్చట వయొలిన్ ఆచార్యులుగా నియమితులైనారు. విద్యార్థిగా చేరుటకు వచ్చిన యువకుని వాద్యము విని దాసుగారే ఆయనను గురుపీఠముపై కూర్చుండబెట్టినారని విజయనగరమున నేటికిని చెప్పుకొందురు. ఒకరిది వేలమందిని ముంచెత్తు మహాకంఠము. మరొకరిది చెవి ఒగ్గినవానికి మాత్రమే మర్మము తెలుపు సన్నని నాదము. ఇద్దరును ఒక్క కప్పు క్రింద పదునేడేండ్లు పనిచేసినారు. 1936లో దాసుగారి తరువాత కళాశాల అధ్యక్షపదవి నాయుడుగారికి వచ్చినది.

కోస్తా గాలిలో ఫిడేలు నేర్చుట, నేర్పుట సులభము కాదు. నౌపడ మొదలు భీమిలి వరకు ఉప్పునీటి తేమ గాలిలో ఎల్లవేళల ఉండును. నరముతో చేసిన తీగలు తేమ తగిలినచో శ్రుతి నిలుపవు. చెక్క ఉబ్బి బిరడాలు పట్టుకొనును. ఎండకాలమున అవే వదులై జారును. జిగురు విడి పలకల అంచులు లేచును. కొత్త వాద్యమునకు డబ్బు చాలని విద్యార్థి చేయి మారిన పాత ఫిడేలునే వెదకుకొనును. ఇందులో తప్పు లేదు, బాగుగా మ్రోగి మ్రోగి పదునెక్కిన పాత వాద్యమును విద్వాంసులే కోరుకొందురు. కాని కొనువాడు పైమెరుగును చూచి మురియరాదు. పైపలకపై చీలిక ఉన్నదా, మెడ వంగినదా, బిరడా నిలుచునా, లోపలి కర్ర తన చోట ఉన్నదా అని చూడవలెను. అన్నిటికంటె ముందు నాలుగు తీగలను నిదానముగా మీటి, ఏ స్వరము మూగవోవుచున్నదో వినవలెను. వాద్యమును కొనునది కన్ను కాదు, చెవి.

నాయుడుగారు ఆచార్యులుగా ఉన్న కాలమునే కచేరి స్వరూపము మారినది. రాజాస్థానములు తగ్గి పట్టణములలో సభలు పెరిగినవి. పదిమంది రసికులు కూర్చున్న మందిరమునకు బదులు వందలమంది టిక్కెట్టు కొని వచ్చిన శాలలు వెలసినవి. వెనుక వరుసవానికి ఫిడేలు వినబడుట కష్టమైనది. ఈ చిక్కునకు మైసూరు టి. చౌడయ్యగారు ఒక ఉపాయము కనిపెట్టినారు. 1920ల చివర ఆయన నాలుగు తీగలకు తోడు మరి మూడు తీగలు చేర్చి ఏడు తీగల ఫిడేలును రూపొందించినారు. ఒకే స్వరమును రెండు స్థాయిలలో జంటగా పలికించుటచే దాని నాదము గంభీరమైనది. మైకు లేని పెద్ద సభలలో నిండుగా వినిపించినది. ఆ పరికల్పనకు గౌరవముండవలసినదే. దానిని లొంగదీయుటకు అసాధారణమైన హస్తబలము కావలెను.

నాయుడుగారు నడచినది వేరొక త్రోవ. ఆయన తీగల సంఖ్యను పెంచలేదు. వాద్యమును మార్చలేదు. పాశ్చాత్య విద్వాంసుల కమాను పద్ధతిని శ్రద్ధగా గమనించి, అందులో తన సంగీతమునకు పనికివచ్చు మేలును గ్రహించినారు. కమానును గట్టిగా ఒత్తినచో నాదము పెరుగదు. గొంతు నులిమినట్లు గీచుకొనును. ఒత్తిడి, వేగము, గుర్రమునకు కమాను ఎంత దూరములో రాచుచున్నదనునది, ఈ మూడును కుదిరినప్పుడే తీగ పూర్తిగా అదురును. పెట్టె పూర్తిగా పలుకును. అట్లు పలికిన నాదము చిన్నదైనను స్వచ్ఛమైనది కనుక దూరము పోవును. నిడుపైన కమానుతో, అతుకు తెలియనీయక, నాదమును పెంచుచు తగ్గించుచు పోవుట ఆయన సాధించిన విద్య. కృతిని వాయించునప్పుడు సాహిత్యాక్షరము మారినచోటనే కమాను మారుటచే, పాట తెలిసినవానికి మాటలు వినిపించినట్లే ఉండేది. గాయకుడు లేడను లోటు శ్రోతకు తోచకపోవుటకు మూలమిదే.

1938లో వెల్లూరులో నాయుడుగారు వయొలిన్ ప్రధానముగా కచేరి చేసినారు. దక్షిణాది సంగీత చరిత్రలో ఇది గుర్తుంచుకొనదగిన ఘట్టము. పక్కన కూర్చున్న వాద్యము ఆనాడు సభకు నడుమ కూర్చున్నది. ఆ యేడే మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రము ప్రారంభమగుట యాదృచ్ఛికమైనను అర్థవంతమైనది. మైకు ముందు పెద్దగొంతుకు ప్రత్యేకమైన లాభము లేదు. సన్నని అనుస్వరము, కమాను చివర కరగిపోవు నాదశేషము కూడ దానికి అందును. పెద్ద సభలో ముందు వరుసకే పరిమితమైన సూక్ష్మములు రేడియో మూలముగ, గ్రామఫోను పలకల మూలముగ ఊరూరికి చేరినవి. నాయుడుగారి వాద్యమునకు ఈ యంత్రములు మేలు చేసినవి.

అయితే యంత్రమునకు వివేకము లేదు. అది నాదమును పెద్దది చేయును గాని శుద్ధి చేయదు. శ్రుతి తప్పినచో ఆ తప్పును కూడ అంత పెద్దదిగనే వినిపించును. నాయుడుగారు తంబురను గూర్చి, దాని లక్షణములను గూర్చి ప్రత్యేకముగా వ్యాసములు వ్రాయుట ఇందుచేతనే గమనింపదగినది. తంబుర నాదము సన్ననిది. కాని దానిని ఆధారముగా పట్టుకొననివాని కచేరికి పునాది లేదు. ధ్వనివర్ధకముల యుగము వచ్చుచున్న వేళ ఆయన అందరికంటె మెల్లగా మ్రోగు వాద్యమును గూర్చి ఆలోచించినారు.

ఈ చిక్కు తెలుగునాటిదే కాదు. అమెరికాలో నృత్యవాద్య బృందములందు మంద్రస్వరములు పలుకు నిలువెత్తు బేస్ వాద్యము, బాకాల హోరులో వినరాకపోయేది. ఊరూరికి మోయుట మరింత కష్టము. 1951లో లియో ఫెండర్ విద్యుత్ బేస్ గిటారును అమ్మకమునకు తెచ్చినారు. అందులో నాదమునిచ్చునది పెట్టె కాదు. ఉక్కుతీగ అదురు క్రిందనున్న అయస్కాంతపు చుట్టలో విద్యుత్తుగా మారును. ఆంప్లిఫయరు దానిని పెంచును. స్పీకరు పెట్టె తిరిగి నాదము చేయును. మంద్రమునకు ఎక్కువ గాలిని కదపవలెను గనుక ఆ స్పీకరు పెట్టెలు కూడ పెద్దవే కావలసివచ్చినవి. వాద్యము తేలికైనది, భారము మరొక పెట్టెకు మారినది. తీగలు పెంచుట చౌడయ్యగారి మార్గము. విద్యుత్తును చేర్చుట ఫెండరు మార్గము. కమానును సానబెట్టుట నాయుడుగారి మార్గము.

ఆ మార్గము విలువ ప్రపంచమునకు తెలిసిన సందర్భము 1952లో వచ్చినది. జగత్ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ ఆ సంవత్సరము భారతదేశమునకు వచ్చినప్పుడు, మద్రాసులో న్యాయమూర్తి పి. వి. రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాద్యమును విని ముగ్ధుడైనాడు. అది పెద్ద సభ కాదు. ఒక ఇంటి కూటము. ఐరోపాలో పుట్టిన వాద్యము, మరొక దేశపు పాటను ఇంత సహజముగా తనదిగా చేసికొనుట ఆ విద్వాంసునికి కొత్త అనుభవము.

గౌరవములు వాటంతట అవి వచ్చినవి. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదమునిచ్చినది. ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణునిగా సత్కరించినది. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1957లో పద్మశ్రీ లభించినవి. 1964 నవంబరు 25వ తేదీన ఆయన కన్నుమూసినారు. శతజయంతి సందర్భమున 1993లో భారత ప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలాబిళ్ళను వెలువరించినది. కుమార్తె ద్వారం మంగతాయారుగారు, వంశీయులు, శిష్యులు ఆ బాణీని ముందుకు నడిపించినారు. ఆయన బోధించిన విజయనగర కళాశాల నేటికిని సంగీతము నేర్పుచున్నది.

ఈనాడు శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో చిన్న ఊరి జాతరకు సైతము స్పీకరు పెట్టెలు గోడలవలె పేర్చుచున్నారు. ఫిడేలు గుర్రమునకే చిన్న మైకు తగిలించుకొని వాయించువారు కలరు. ఇవి చెడ్డవని నాయుడుగారి జీవితము చెప్పదు. రేడియో ఆయనకు మిత్రమే అయినది. పెంచుటకు ముందు పెంచదగిన నాదము చేతిలో ఉండవలెనని మాత్రము అది చెప్పును. తరగతిలో గొంతు పెంచకయే పిల్లలను తనవైపు త్రిప్పుకొనగల ఉపాధ్యాయునికి ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు. నేర్చుకొను పిల్లవాడు మైకు తీసివేసి, తంబుర ముందు కూర్చుండి, ఒక్క షడ్జమును ఒక్క కమానుతో మొదటి నుండి తుది వరకు చెదరకుండ నిలిపి చూచుకొనినచో, ఆ పెద్దాయన డెబ్బదియొక్క ఏండ్ల జీవితమున చేసిన పని ఎట్టిదో అతనికే తెలియవచ్చును.