ఒక నెల, రెండు కథలు, ముగ్గురు పబ్లిషర్లు

మీలో కొందరు ఆలివర్ ట్విస్ట్ కథను చదువుకునే రోజుల్లో నాన్-డీటెయిల్డ్ పుస్తకంగా చదివి ఉంటారు. ఇప్పుడు అదే కథను మీ పిల్లలు లైబ్రరీ నుంచి బొమ్మలున్న చిన్న పుస్తకంగా తెచ్చుకుంటున్నారు. గిన్నె పట్టుకుని ఇంకాస్త గంజి అడిగిన ఆ అనాథ పిల్లవాడిని ఎవరూ మరిచిపోరు. అయితే ఆ కథ రాస్తున్నప్పుడు చార్లెస్ డికెన్స్ బల్ల మీద ఇంకో నవల కూడా నడుస్తూ ఉండేదని, రెండూ నెలనెలా అచ్చుకు వెళ్లేవని చాలామందికి తెలియదు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు.

అన్ని పనులు ఎందుకు నెత్తికెత్తుకున్నారో అర్థం కావాలంటే ఆయన పన్నెండేళ్ల వయసుకు వెళ్లాలి. డికెన్స్ 1812లో ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో పుట్టారు. తండ్రి జాన్ నౌకాదళం జీతాల ఆఫీసులో గుమస్తా. సరదా మనిషి, మాటకారి. చేతిలో డబ్బు మాత్రం నిలిచేది కాదు. 1824 ఫిబ్రవరిలో అప్పు తీర్చలేక లండన్‌లోని మార్షల్‌సీ జైలు పాలయ్యారు. అప్పటి చట్టం అలాంటిది. భార్య, చిన్న పిల్లలు కూడా ఆ జైలు గదిలోనే కాపురం ఉన్నారు. చార్లెస్ మాత్రం బయటే ఉండి, థేమ్స్ ఒడ్డున ఎలుకలు తిరిగే ఒక పాత భవనంలో పనికి కుదిరాడు. బూట్లకు రాసే నల్లరంగు డబ్బాలకు కాగితం చుట్టి, దారం కట్టి, లేబుళ్లు అంటించాలి. వారానికి 6 షిల్లింగుల కూలి.

కొన్ని నెలలకు తండ్రి విడుదలయ్యారు. పిల్లాడి పని మాత్రం వెంటనే ఆగలేదు. చివరికి తండ్రి బడికి పంపుదామన్నారు. తల్లి ఆ పనిలోనే ఉండనిద్దామన్నారు. ఇల్లు ఎలా గడుస్తుందో చూసుకునేది ఆవిడే కాబట్టి ఆవిడ లెక్క ఆవిడకు ఉంది. తండ్రి మాటే నెగ్గింది. కానీ తల్లి అన్న ఆ మాట కొడుకు మనసులో జీవితాంతం ఉండిపోయింది. ఆ ఫ్యాక్టరీ రోజుల సంగతి పెద్దయ్యాక స్నేహితుడు జాన్ ఫోర్‌స్టర్‌కు చెప్పుకున్నారు. లోకానికి తెలిసింది ఆయన పోయాకే. ఆ చదువు కూడా 15 ఏళ్లకే ఆగిపోయింది. ఇంట్లో మళ్లీ డబ్బు ఇబ్బంది.

లాయర్ ఆఫీసులో గుమస్తాగా చేరారు. షార్ట్‌హ్యాండ్ నేర్చుకుని పార్లమెంటు రిపోర్టర్ అయ్యారు. పత్రికల్లో రాసిన చిన్న చిన్న వ్యాసాలను జాన్ మాక్రోన్ అనే పబ్లిషర్ 1836 ఫిబ్రవరిలో పుస్తకంగా తెచ్చారు. అదే నెలలో చాప్‌మన్ అండ్ హాల్ అనే సంస్థ నెలకు 14 పౌండ్లు ఇస్తామని, బొమ్మలతో వచ్చే ఒక హాస్య సీరియల్‌కు కథ రాయమని అడిగింది. ఏప్రిల్‌లో పెళ్లి. ఇంటి ఖర్చుకు ఈ డబ్బు పనికొస్తుంది. ఒప్పుకున్నారు. అదే పిక్విక్ పేపర్స్. మొదట్లో కొద్ది వందల కాపీలే అమ్ముడుపోయాయి. శామ్ వెల్లర్ అనే చలాకీ పనివాడు కథలోకి వచ్చాక గిరాకీ పెరిగింది. ముగిసే సమయానికి నెలకు 40,000 కాపీలు.

ఇక్కడి నుంచి అసలు చిక్కు మొదలైంది. ఆ ఏడాది మే నెలలో మాక్రోన్‌కు ఒక నవల రాసిస్తానని 200 పౌండ్లకు మాటిచ్చారు. ఆగస్టులో రిచర్డ్ బెంట్లీ అనే మరో పబ్లిషర్‌తో రెండు నవలలకు, ఒక్కోదానికి 500 పౌండ్ల చొప్పున ఒప్పందం. నవంబరులో అదే బెంట్లీ కొత్త మాసపత్రికకు సంపాదకుడిగా ఉంటానని, ప్రతి నెలా అందులో రాస్తానని సంతకం. మధ్యలో రెండు నాటకాలు లండన్ రంగస్థలం ఎక్కాయి. నవంబరు దాకా రిపోర్టర్ ఉద్యోగం కూడా వదల్లేదు. జైలు గదిలో తండ్రిని చూసిన కొడుకు, డబ్బు ఇస్తామన్న ఎవరికీ కాదని చెప్పలేకపోయాడని నాకు అనిపిస్తుంది. ఆయన్ను మల్టీటాస్కింగ్‌కు ఉదాహరణగా చూపించేవాళ్లు ఈ భాగాన్ని సాధారణంగా దాటేస్తారు.

1837 జనవరిలో మొదటి బిడ్డ పుట్టాడు. ఫిబ్రవరిలో బెంట్లీ పత్రికలో ఆలివర్ ట్విస్ట్ మొదలైంది. పిక్విక్ ఇంకా సగంలోనే ఉంది. ఒకటి నవ్వుల కథ, రెండోది అనాథాశ్రమాల కథ. ముందే రాసి దాచుకున్నది ఏమీ లేదు. ఈ నెల రాసింది ఈ నెలే అచ్చు కావాలి. డౌటీ స్ట్రీట్ ఇంటికి చుట్టాలు వచ్చి కూర్చుంటే, ఆయన మూలన చిన్న బల్ల దగ్గర ఆలివర్ రాసుకుంటూనే మధ్యమధ్యలో వాళ్ల కబుర్లలో కలిసేవారని ఆయన బావగారు తర్వాత గుర్తు చేసుకున్నారు. చేయి ఆగేది కాదట.

అది కూడా ఒకసారి ఆగింది. 1837 మే 6 రాత్రి అందరూ నాటకం చూసి ఇంటికొచ్చారు. వాళ్లతోనే ఉంటున్న మరదలు మేరీ హోగార్త్ పైకి వెళ్లగానే కుప్పకూలింది. మరునాడే చనిపోయింది. వయసు 17. సొంత చెల్లెలిలా చూసుకున్న అమ్మాయి. ఆమె వేలి ఉంగరాన్ని ఆయన తన వేలికి పెట్టుకున్నారు. ఆ జూన్‌లో పిక్విక్ రాలేదు, ఆలివర్ రాలేదు. ఎదురుచూస్తున్న వేలమంది పాఠకులకు కారణం చెప్పాల్సి వచ్చింది. ఆ రెండు కథల్లో దుఃఖం వల్ల ఆయన రాయలేకపోయిన నెల ఇదొక్కటే.

తిరిగి మొదలైన భాగాల్లో పిక్విక్ దొర అప్పుల ఖైదీలుండే ఫ్లీట్ జైల్లో ఉంటాడు. అక్కడి బీద ఖైదీల పేజీల్లో నవ్వు చాలా తగ్గిపోతుంది. పక్క కాగితం మీద ఆలివర్ కష్టాలు. రెండు కథలకూ ఊట ఒకటేనని అప్పటి పాఠకులకు తెలిసే వీల్లేదు.

పిక్విక్ 1837 నవంబరులో పూర్తయింది. ఆరు నెలలైనా గడవకముందే నికొలస్ నికల్‌బీ మొదలైంది. 1838 శీతాకాలంలో యార్క్‌షైర్ వెళ్లి, పిల్లల్ని పడేసి వదిలించుకునే చౌక బోర్డింగ్ స్కూళ్లను స్వయంగా చూసొచ్చి మరీ రాసిన నవల అది. ఆలివర్, నికొలస్ ఏడాదికి పైగా పక్కపక్కన నడిచాయి. రెండు సీరియళ్లు మోయడం ఆయనకు సాధ్యమే అయింది. వాటి వెనక పేరుకున్న పాత సంతకాలే మోయలేనివయ్యాయి. మాక్రోన్‌కు సుమారు 100 పౌండ్లకు అమ్మిన తొలి పుస్తకం హక్కుల్ని వెనక్కి తెచ్చుకోవడానికి 2,000 పౌండ్లకు పైగా పోయాయి. బెంట్లీతో గొడవపడి 1839 మొదట్లో సంపాదకత్వం వదిలేశారు. ఆలివర్ హక్కులు, మిగిలిన కాపీలు విడిపించుకోవడానికి 1840లో మరో 2,250 పౌండ్లు. రెండుసార్లూ ఆ డబ్బు పెట్టింది చాప్‌మన్ అండ్ హాల్. అంటే అప్పు ఒక చోటు నుంచి ఇంకో చోటికి మారింది. 1836లో మాక్రోన్‌కు మాటిచ్చిన నవల ఏమైందంటారా? బార్నబీ రడ్జ్ పేరుతో 1841లో, అదీ చాప్‌మన్ అండ్ హాల్ దగ్గరే వచ్చింది. మాక్రోన్ అప్పటికే చనిపోయారు.

ఆ తర్వాత పని తగ్గిందని కాదు. వారపత్రికలు నడిపారు, ఊరూరా తిరిగి తన కథలు చదివి వినిపించారు. కానీ రెండు సీరియల్ నవలలు ఒకేసారి మొదలుపెట్టలేదు. 1846లో వచ్చిన డాంబీ అండ్ సన్ నుంచి ప్రతి నెల భాగానికీ ఒక కాగితం తీసి, ఎడమవైపు ఆలోచనలు, కుడివైపు అధ్యాయాల వరుస రాసుకుని అప్పుడే కథకు కూర్చునేవారు. చివరి నవల ఎడ్విన్ డ్రూడ్‌కు 12 భాగాలు అనుకున్నారు. ఆ ఒప్పందంలో ఆయన అడిగి మరీ ఒక కొత్త షరతు చేర్పించారు. పని పూర్తికాకముందే తాను పోతే పబ్లిషర్‌కు ఎంత తిరిగి ఇవ్వాలో మధ్యవర్తి తేల్చాలని. 1870 జూన్ 9న ఆయన కన్నుమూశారు. అప్పటికి రాసి ఉంచింది ఆరు భాగాలు.