స్వహస్త యంత్రశిల్పి బర్ట్ మన్రో

న్యూజీలాండ్ దేశపు ఇన్వర్‌కార్గిల్ పట్టణమున 1899లో జన్మించిన బర్ట్ మన్రో జీవితమును మన విద్యార్థినీ విద్యార్థులకు పరిచయము చేయుచున్నాము. ఆయన 1920లో కొనిన ఇండియన్ స్కౌట్ మోటారు సైకిలు గంటకు సుమారు 88 కిలోమీటర్ల వేగమే కలది. దానిని విడువక దశాబ్దముల తరబడి తామే విప్పి బిగించుచు వచ్చిరి. పాత డబ్బాలను మూసలుగా చేసికొని పిస్టన్లను స్వయముగా పోతపోసిరి. పగిలిన భాగములను పారవేయక అలమారులో పేర్చుకొనిరి. ఆ అలమారయే ఆయన పాఠశాల యని మేము తలచుచున్నాము.

1967లో, 68వ ఏట, అమెరికాలోని బానవిల్ ఉప్పుమైదానమున ఆ పాత బండిపైననే 1000 సి.సి. లోపు తరగతిలో రికార్డు స్థాపించిరి. ఆనాటి గణనలోని పొరపాటును 2014లో సవరింపగా ఆ వేగము గంటకు 296 కిలోమీటర్లుగా తేలినది. 1978లో ఆయన కాలధర్మము చెందిరి.

చెడిన యంత్రమును పరుల కప్పగించుటకు ముందు ఒకమారు మనమే విప్పి చూచుట నేర్చుకొందము.