ఎండ లిఖించిన గ్రంథము

ఛాయాచిత్రమనగానే మనకు కెమెరా తలపునకు వచ్చును. కాని కెమెరాతో పనిలేకుండ, కాగితము, నాచుమొక్క, ఎండ అను మూడింటితోనే ఒక మహాగ్రంథమును సిద్ధపరచిన విదుషి కలదు. ఆమె అన్నా అట్కిన్స్.

ఆమె 1799 మార్చి 16వ తేదీన ఇంగ్లండులోని కెంట్ మండలమున టన్‌బ్రిడ్జిలో జన్మించెను. మరుసటి యేడే తల్లి గతించెను. తండ్రి జాన్ జార్జి చిల్డ్రన్ రసాయన శాస్త్రజ్ఞుడు. బ్రిటిష్ మ్యూజియములో ఉద్యోగి. ఆ కాలమున బాలికలకు శాస్త్రవిద్య దుర్లభము. తండ్రియే ఆమెకు గురువయ్యెను. లామార్క్ గవ్వలనుగూర్చి వ్రాసిన గ్రంథమును ఆయన ఆంగ్లీకరింపగా, 1823లో వెలువడిన ఆ పుస్తకమునకు 250కి పైగా బొమ్మలను కుమార్తె గీసి యిచ్చెను. 1825లో జాన్ పెల్లీ అట్కిన్స్ ఆమెను వివాహమాడెను. వారికి సంతానము లేదు. మొక్కలను సేకరించుటయే ఆమెకు వ్యాసంగము. 1839లో లండను వృక్షశాస్త్ర సంఘమున సభ్యురాలయ్యెను.

సముద్రపు నాచులలో వెండ్రుకవలె సన్నని పోగులు గలవి పెక్కు కలవు. వానిని ఉన్నవున్నట్లు గీయుట నేర్పరులకును కష్టము. 1841లో విలియం హార్వే బ్రిటిష్ నాచులపై ప్రకటించిన గ్రంథమున బొమ్మలే లేవు. మరుసటి యేడు కుటుంబ మిత్రుడైన సర్ జాన్ హెర్షెల్ సయనోటైప్ పద్ధతిని కనుగొనెను. ఆ కొరత తీరు మార్గమును అన్నా అందు గాంచెను.

ఆ పద్ధతి సులభము. రెండు ఇనుప లవణముల ద్రావణమును కాగితమునకు పూసి చీకటిలో ఆరబెట్టవలెను. దానిపై మొక్కను పరచి, గాజుపలక నుంచి, ఎండలో పెట్టవలెను. వెలుగు సోకినచోట నీటికి కరగని నీలివర్ణ మేర్పడును. మొక్క నీడలో నున్న లవణము కడిగినంతనే పోవును. నీలి నేపథ్యమున తెల్లని మొక్క, సహజ పరిమాణముతో నిలుచును.

1843 అక్టోబరులో గ్రంథపు తొలిభాగము వెలువడెను. ఛాయాచిత్రములతో కూడిన మొదటి పుస్తకముగా చరిత్రకారులు దానిని గణింతురు. ఫాక్స్ టాల్బట్ ప్రసిద్ధ గ్రంథము 1844లో గాని రాలేదు. పది సంవత్సరములలో సుమారు 400 పుటలు పూర్తియయ్యెను. ముద్రణాలయము లేదు, ప్రతి ప్రతిలోని ప్రతి పుటయు విడివిడిగా ఎండలో సిద్ధము కావలసినదే. మాటలను సైతము వెలుతురు చొచ్చు కాగితముపై చేత వ్రాసి అట్లే ముద్రించెను. ప్రతులను అమ్ముకొనక మిత్రులకును, విద్యాసంస్థలకును కానుకగా నిచ్చెను.

1852 జనవరి 1న తండ్రి మరణించెను. గ్రంథమును ఆయనకే అంకితమొనర్చిన కుమార్తె ఆ దుఃఖమున క్రుంగెను. బాల్యమిత్రురాలు ఆన్ డిక్సన్ వచ్చి తోడుండెను. 1853 నాటికి ఇరువురును కలసి ఫెర్న్ మొక్కల చిత్రములను సంపుటముగా కూర్చిరి. 1871 జూన్ 9న అన్నా కన్నుమూసెను.

ప్రతి నాచు క్రిందను దాని పేరును శ్రద్ధతో వ్రాసిన ఆమె, పీఠిక చివర తన పేరునకు మారుగా రెండు పొడి అక్షరములే యుంచెను. అనంతరకాలమున ఒక పండితుడు వానికి అజ్ఞాత ఔత్సాహికుడని అర్థము చెప్పెను! పరిశోధకుల కృషివలన గాని ఆ పేరు మరల ఆమెకు దక్కలేదు. విలువైన ఉపకరణములు లేవని నిరుత్సాహపడు విద్యార్థి ఆమె జీవితమును తలచుకొనవలెను. బడి ఆవరణలోని ఆకును, ఆకాశమందలి ఎండను ఎవరును కొనవలసిన పనిలేదు.