రేపు చదువుదాంలే అనేవారికి తోడు నిలిచిన ప్రొఫెసర్



హైటెక్ సిటీకి దగ్గర్లోనే, జూబ్లీహిల్స్‌లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. ఆఫీసుకు వెళ్తూ మీలో చాలామంది ఆ బోర్డు చూసే ఉంటారు. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. దాని తొలి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రామ్ రెడ్డి గారి గురించి ఈ నెల తెలుసుకుందాం.

ఆయన 1929లో కరీంనగర్ జిల్లాలో పుట్టారు. ఉస్మానియాలో పాఠాలు చెప్పారు, పంచాయతీరాజ్ వ్యవస్థపై పరిశోధన చేశారు. 1977లో అదే యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ పేరుతో మొదలైన ఈ కొత్త సంస్థ బాధ్యత ఆయన చేతికి వచ్చింది.

ఉద్యోగులు, గృహిణులు, ఎప్పుడో చదువు మానేసినవారు ఇక్కడ చేరవచ్చు. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష పాసైతే డిగ్రీలో సీటు ఇచ్చేవారు. కానీ దూరవిద్యలో బెల్లు మోగదు, పక్క బెంచీలో స్నేహితుడు ఉండడు. రేపు చదువుదాంలే అనుకుంటే అడిగేవారు ఉండరు. అలా వాయిదాలు వేస్తూ పోతే, ఒకసారి ఆగిన చదువు రెండోసారీ ఆగిపోతుంది.

అందుకే ఈ విధానంలో పుస్తకాలు చేతికిచ్చి వదిలేయలేదు. పాఠాలను చిన్న చిన్న యూనిట్లు చేశారు. ఎంత అర్థమైందో ఎవరికి వారే చూసుకునేలా మధ్యలో ప్రశ్నలు పెట్టారు. ఊళ్లలోని కాలేజీల్లో స్టడీ సెంటర్లు తెరిచి, సందేహాలు తీర్చడానికి కౌన్సెలర్లను పెట్టారు. చదివేది ఒంటరిగానే అయినా, ఆ విద్యార్థి కోసం ఎదురుచూసే మనిషి ఒకరు ఉన్నారు.

1985లో ఏర్పడిన ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా ఆయనే తొలి వైస్ ఛాన్సలర్. తర్వాత యూజీసీ ఛైర్మన్‌గా పనిచేశారు. 1995లో కన్నుమూశారు. ఉస్మానియాలోని దూరవిద్యా కేంద్రానికి నేడు ఆయన పేరే ఉంది.

మన పిల్లల ట్యాబుల్లోనూ చూడని రికార్డెడ్ క్లాసులు పేరుకుపోతుంటాయి. వెంటనే బద్ధకం అని తిట్టేస్తాం. పెద్దవాళ్లకే తోడు అవసరమైనప్పుడు, పదమూడేళ్ల పిల్లలకు అక్కర్లేదా? రోజూ ఒకే టైమ్‌కి ఒక చిన్న పాఠం చూడమనండి. తర్వాత పది నిమిషాలు పక్కన కూర్చుని, ఏం అర్థమైందో మీకు చెప్పమనండి. అప్పుడు మీ ఇల్లే వాళ్లకు స్టడీ సెంటర్ అవుతుంది.