షాంపేన్‌లో తీపి తగ్గించిన శ్రీమతి పొమ్మెరీ

ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రముఖుల జీవితం రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. నేను చెప్పిన పేరు విని ఆయన కాసేపు మాట్లాడలేదు. వైను అమ్మిన ఆవిడ గురించి పెన్షనర్ల పత్రికలోనా అన్నట్టు చూశారు. ఆమెకూ మనకూ ఒక చుట్టరికం ఉంది. అదేమిటో కాస్త ఆగి మనవి చేస్తాను.

2018లో మా అబ్బాయి ఉద్యోగరీత్యా పారిస్‌లో ఉండగా నేనూ మా ఆవిడా రెండు నెలలు అక్కడ ఉన్నాం. ఒక ఆదివారం వాడు మమ్మల్ని రైల్లో రాన్స్ పట్టణానికి తీసుకెళ్ళి పొమ్మెరీ వారి నేలమాళిగలు చూపించాడు. 116 మెట్లు దిగాలి. నా మోకాళ్ళకు అవి ఇప్పటికీ జ్ఞాపకమే. రోమన్ల కాలం నాటి సుద్దరాతి గనులను కలుపుతూ తవ్విన సొరంగాలు, మొత్తం 18 కిలోమీటర్లు. పైన ఎండ కాసినా మంచు కురిసినా లోపల పది డిగ్రీల చలే. ఆ చలిలో, ఆ చీకట్లో సీసాలు ఏళ్ళ తరబడి నిద్రపోతాయి. బిరడా బిగించిన సీసాలోనే వైను రెండోసారి పులుస్తుంది. బయటికి పోలేని ఆ గాలే మనం చూసే బుడగలు.

ఆ సొరంగాలు తవ్వించిన లూయీజ్ పొమ్మెరీ గారు 1819లో పుట్టారు. భర్త ఉన్ని వర్తకుడు, ఆ తర్వాత వైను వ్యాపారంలో భాగస్థుడయ్యాడు. 1858లో ఆయన పోయేనాటికి ఆమెకు ఇంకా నలభై నిండలేదు. ఎదుగుతున్న కొడుకు, చంటి కూతురు. ఉన్ని వ్యాపారం వదిలేసి ఆమె షాంపేన్ మీదే నిలబడ్డారు.

అప్పట్లో షాంపేన్ అంటే దాదాపు పానకమే. రష్యాకు వెళ్ళే సీసాల్లో లీటరుకు 200 గ్రాములకు పైగా చక్కెర ఉండేది. భోజనం చివర మిఠాయితో పాటు పుచ్చుకునేవారు. ఇంగ్లండు వారు మాత్రం భోజనంలోకి పనికొచ్చే, తీపి తక్కువ సరుకు కోరారు. అది మాటల్లో చెప్పినంత తేలిక కాదు. చక్కెర పులుపునూ లోపాలనూ కప్పేస్తుంది. ఆ ముసుగు తీసేస్తే కాయ బాగా పండి ఉండాలి, వైను ఎక్కువకాలం నిలవాలి, పెట్టిన డబ్బు అంతకాలమూ సీసాల్లోనే ఉండిపోతుంది. తోటివారు కోతలు ముగించినా ఈమె వారాల తరబడి కాయను తీగ మీదే ఉంచారట. ఒక్క పెద్ద వాన పడితే పంట దక్కదు. ఆవిడ పని అయిపోయిందని ఊరు గుసగుసలాడింది. 1874 పంటతో తీసిన ఆ తీపి లేని వైనే బ్రూట్ అనే రకానికి దారి వేసింది. నేటి బ్రూట్‌లో చక్కెర లీటరుకు 12 గ్రాములు దాటకూడదు.

ఇక రుచి సంగతి. నేను తాగేవాణ్ణి కాను, ఆ రోజు రెండు గుక్కలు పుచ్చుకున్నాను. మా ఆవిడ ముఖం అటు తిప్పుకుంది. ఇంట్లో కోడలు సీసాను ఎనిమిది, పది డిగ్రీలకు చల్లబరిచి పోసింది. మరీ గడ్డకట్టేంత చల్లగా ఉంటే వాసన పోతుందట. ముందు బుడగలు చూడమంది, సన్నగా, ఆగకుండా పైకి రావాలి. తర్వాత వాసన. నిమ్మతొక్క, ఆపిల్, వాటి వెనక అప్పుడే కాల్చిన రొట్టె. ఆ రొట్టె వాసన సీసా అడుగున పడి ఉన్న ఈస్ట్ నుంచి వస్తుంది. అక్కడివారు దీన్ని పచ్చి ఆల్చిప్పల మాంసంతో పుచ్చుకుంటారు. మేము శాకాహారులం కనుక, మా ఆవిడ ఇక్కడి నుంచి మోసుకెళ్ళిన జంతికలు పళ్ళెంలోకి వచ్చాయి. ఉప్పు, నూనె, కరకర. దాని మీద ఒక గుక్క వేస్తే ఆ పులుపూ బుడగలూ నూనెను కడిగేసి నోరు మళ్ళీ జంతిక అడిగింది. తర్వాత సున్నుండ కొరికి రెండో గుక్క వేశాను. అదే వైను చింతపండు పులుసులా తగిలింది. తీపి ముందు తీపి లేని వైను నిలవదు. మిఠాయిలకు డెమి సెక్ అనే తీపి రకం వేరే ఉంది.

చుట్టరికం చెబుతానన్నాను. పనివారికి పదవీ విరమణ నిధి, ఆరోగ్య నిధి ఏర్పరచిన తొలి ఫ్రెంచి యజమానుల్లో ఈమె ఒకరు. ఈ సంగతి విన్నప్పుడు నాకు వేరే ఏదీ వినపడలేదు. నా పెన్షన్ కాగితాలు ఒక బల్ల మీది నుంచి పక్క బల్ల మీదికి చేరడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ ఇల్లు ఎలా గడిచిందో మా ఆవిడకే తెలుసు. కూతురి పెళ్ళికి దాచిన గొలుసు అప్పుడే పోయింది.

1889లో శ్రీమతి పొమ్మెరీ మిలే గీసిన ఒక చిత్రాన్ని మూడు లక్షల ఫ్రాంకులకు కొన్నారు. కోతలయ్యాక పొలంలో పరిగె ఏరుకునే ముగ్గురు ఆడవాళ్ళ బొమ్మ అది. ఆవిడ పని అయిపోయిందన్న నోళ్ళు దాంతో మూతపడ్డాయి. 1890లో ఆమె కన్నుమూశారు. ఆమె కోరిక ప్రకారం ఆ చిత్రం దేశానికి దక్కింది. ఇప్పుడు పారిస్‌లో ఓర్సే మ్యూజియంలో ఉంది. మా ఆవిడ దాని ముందు చాలాసేపు నిలబడింది. చిన్నతనంలో వాళ్ళ నాయనమ్మతో కలిసి తానూ పరిగె ఏరిందట. నలభై ఏళ్ళ కాపురంలో ఆ మాట నాకు ఎన్నడూ చెప్పలేదు.

ఆ ఖాళీ సీసాను ఆవిడే కడిగి, చీరల మధ్య చుట్టి తెచ్చింది. మా వరండాలో ఇప్పుడందులో మనీప్లాంట్ పెరుగుతోంది.