పొగమంచు వెనక ఉల్మర్

డబ్బుల్లేక మా షార్ట్ ఫిల్మ్ సగంలో ఆగిపోయిన రాత్రి, హాస్టల్ రూమ్‌లో ‘డీటూర్’ చూశాను. 1945 నాటి క్రైమ్ సినిమా. 68 నిమిషాలే. తీసింది ఎడ్గార్ ఉల్మర్.

ఆయన 1904లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో పుట్టాడు. వియన్నాలో పెరిగి హాలీవుడ్ చేరాడు. 1934లో యూనివర్సల్ స్టూడియోకి తీసిన ‘ది బ్లాక్ క్యాట్’ బాగా ఆడింది. ఇక తిరుగులేదు అనుకునే టైంలో ప్రేమలో పడ్డాడు. ఆమె పేరు షిర్లీ. అప్పటికే స్టూడియో అధినేత కార్ల్ లెమ్లీ బంధువుకి భార్య. విడాకులు తీసుకుని ఉల్మర్‌ని పెళ్లి చేసుకుంది. దాంతో పెద్ద స్టూడియోల తలుపులు మూసుకుపోయాయి.

చివరికి పీఆర్సీలో తేలాడు. మనకు తెలిసిన జీతాల పీఆర్సీ కాదు, చవగ్గా సినిమాలు చుట్టేసే చిన్న స్టూడియో. ‘డీటూర్’ అక్కడిదే. న్యూయార్క్ వీధి సెట్ వేసే స్తోమత లేదు, పొగమంచుతో నింపేశాడు. లిఫ్ట్ అడిగే కొన్ని షాట్లలో ఫిల్మ్ తిరగేశారు, అమెరికా కార్లో డ్రైవర్ కుడివైపు కూర్చుని ఉంటాడు! అది కనిపెట్టి కూడా నేను కథలోంచి బయటికి రాలేకపోయాను.

షిర్లీ చివరిదాకా ఆయన సినిమాలకు పనిచేసింది. 1972లో ఉల్మర్ పోయాడు. 1992లో ‘డీటూర్’ని అమెరికా జాతీయ సినిమాల జాబితాలో చేర్చారు. చూడ్డానికి ఆయన లేడు.

పేదరికమే కళని పుట్టిస్తుందని నేననను. ఆయన పోగొట్టుకున్నది తక్కువేం కాదు. కానీ డబ్బులొచ్చేదాకా ఆగలేదు.

మర్నాడు మేం కారిడార్ లైట్లన్నీ ఆపేసి, ఒక్క ఫోన్ టార్చ్‌తో మిగిలిన సీన్ తీసేశాం.