ఎల్.ఎ.రామదాస్

లక్ష్మీనారాయణపురం అనంతకృష్ణన్ రామదాస్ (జూన్ 3, 1900 - జనవరి 1, 1979) ప్రముఖ భారతీయ భౌతిక, వాతావరణ శాస్త్రవేత్త. భారతదేశంలో వ్యవసాయ వాతావరణ శాస్త్రానికి ఈయనను పితామహుడిగా పేర్కొంటారు. ఒకే పొలంలో కూడా చోటును బట్టి, ఎత్తును బట్టి శీతోష్ణస్థితి మారుతుందని మన దేశంలో కొలతలతో చూపిన తొలితరం శాస్త్రవేత్తలలో ఈయన ఒకడు. రాత్రివేళ నేలకు కొద్ది ఎత్తున ఏర్పడే చల్లని గాలిపొరకు రామదాస్ పొర అని పేరు.

తొలి జీవితం

రామదాస్ స్వస్థలం నేటి కేరళలోని పాలక్కాడ్. కలకత్తాలో సి.వి.రామన్ వద్ద ద్రవాల ఉపరితలాలపై కాంతి పరిక్షేపణం గురించి పరిశోధన చేశాడు. 1926లో భారత వాతావరణ శాఖలో చేరాడు. 1932లో పూణేలో ఏర్పడిన వ్యవసాయ వాతావరణ విభాగానికి నాయకత్వం వహించాడు.

రామదాస్ పొర

ఆకాశం నిర్మలంగా, గాలి నిశ్చలంగా ఉన్న రాత్రులలో నేల తన వేడిని వికిరణం ద్వారా కోల్పోతుంది. కనుక నేలను ఆనుకొన్న గాలే అన్నిటికంటె చల్లగా ఉంటుందని అప్పటి శాస్త్రజ్ఞుల అభిప్రాయం. 1932లో రామదాస్, ఎస్.ఆత్మనాథన్ కలసి పైరులేని నేలపై కొలతలు తీసి, కనిష్ఠ ఉష్ణోగ్రత కొన్ని పదుల సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదని ప్రకటించారు. చల్లని గాలి బరువైనది, అది వెంటనే క్రిందికి దిగిపోవాలి. అందువలన ఈ ఫలితాన్ని పరికరాల దోషంగా భావించినవారు ఉన్నారు. 1957లో జర్మన్ శాస్త్రవేత్త క్లౌస్ రాష్కె పూణేలోనే కొలిచి దీనిని ధ్రువపరచాడు. 1993లో రొద్దం నరసింహ, జె.శ్రీనివాసన్, ఎ.ఎస్.వాసుదేవ మూర్తి దీనికి సైద్ధాంతిక వివరణ ఇచ్చారు. గాలిలోని సూక్ష్మ ధూళి రేణువులకు ఇందులో ముఖ్య పాత్ర ఉన్నదని తరువాతి పరిశోధనలు సూచించాయి.

పైరులలో శీతోష్ణస్థితి

1930వ దశకంలో రామదాస్ బృందం పైరుల లోపలి ఉష్ణోగ్రత, తేమ, గాలివేగాలను ఆరుబయటి కొలతలతో పోల్చింది. వాతావరణ కేంద్రాలలో ఉష్ణమాపకాలను సాధారణంగా నేలకు ఒక మీటరుకు పైగా ఎత్తున ఉంచుతారు. మొలకలు పెరిగేది అంతకంటె చాలా క్రింద. కనుక కేంద్రంలో నమోదైన చలి, మొలకకు తగిలే చలి ఒకటి కావు.

తెలంగాణలో ఉదాహరణ

ఈ విషయానికి సంగారెడ్డి జిల్లా చక్కని ఉదాహరణ. పటాన్‌చెరు వద్ద 1972లో నెలకొల్పిన ఇక్రిశాట్ క్షేత్రంలో నల్లరేగడి, ఎర్రనేలలు రెండూ ఉన్నాయి. తేమను ఎక్కువకాలం పట్టి ఉంచే నల్లరేగడి, త్వరగా ఆరిపోయే ఎర్రనేల ఎండకు, చలికి ఒకే విధంగా స్పందించవు. శీతాకాలంలో పటాన్‌చెరులో నమోదయ్యే కనిష్ఠ ఉష్ణోగ్రత, సుమారు 20 కి.మీ. దూరంలోని బేగంపేటలో కంటె తరచుగా కొన్ని డిగ్రీలు తక్కువ. నగరంలోని కాంక్రీటు పగటి వేడిని రాత్రికి నిలుపుకోవడం దీనికి ఒక కారణం. నిశ్చలమైన అటువంటి రాత్రులలో పైనున్న వెచ్చని గాలి మూతవలె నిలుస్తుంది. అప్పుడు పాశమైలారం, బొల్లారం వంటి పారిశ్రామిక వాడల పొగ పైకి పోలేక నేలకు దగ్గరగానే ఉండిపోతుంది. అందుచేత పైరుకు తగిలే చలినైనా, ప్రజలు పీల్చే గాలినైనా దూరపు కేంద్రం ఒక్కదాని కొలతతో అంచనా వేయడం చాలదు.

చివరి దశ

వాతావరణ శాఖ తరువాత రామదాస్ ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశాడు. జలాశయాల నీరు ఆవిరి కాకుండా తగ్గించే పద్ధతులపై అక్కడ కృషి చేశాడు. 1958లో భారత ప్రభుత్వం ఈయనకు పద్మశ్రీ పురస్కారం ఇచ్చింది. 1979 జనవరి 1న మరణించాడు.